రెండో రోజు సంగతి

అరకులో పోస్టింగ్ వచ్చిందని తెలిసినప్పుడు మా బంధువులంతా నా మీద జాలిపడ్డారు. కొండజ్వరాలు వస్తాయన్నారు. అక్కడి చలికి మనవాళ్ళు ఆగలేరన్నారు. మా పెద్దమ్మ నా చేతిలో విభూది పొట్లం పెట్టి కళ్ళు తుడుచుకుంది. మొదటి దసరా సెలవులు వచ్చాయో లేదో, ఆ కళ్ళు తుడుచుకున్న పెద్దమ్మే ఫోన్ చేసి, "ఒరే, ఆదివారం పదకొండుమందిమి వత్తన్నాం, ఏటేటి సూడాలో సెప్పు" అంది.

అలా మొదలైంది నా రెండో ఉద్యోగం. మొదటిది అరకులోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో బిల్లులు సరిచూడటం. ఆ పనిలో నన్ను ఇంతవరకూ ఎవరూ మెచ్చుకోలేదు. రెండోదానికి జీతం లేదు గానీ పేరుంది. మా బొబ్బిలి వైపు ఎవరింట్లోనైనా అరకు ప్రస్తావన వస్తే, "మావోడొకడున్నాడు, ఫోన్ సేత్తే ప్లాను పంపేత్తాడు" అని నా నంబరు ఇచ్చేసేవారు. నేనెన్నడూ చూడని మనుషులు పొద్దున్నే ఫోన్ చేసి, తమ ఇంట్లో ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరికి ఉల్లిపాయ పడదో చెప్పుకునేవారు. నేను విసుక్కుంటున్నట్టు నటించేవాణ్ణి. లోపల పొంగిపోయేవాణ్ణి.

కొన్నాళ్ళకి యాత్రికుల మీద నాకో శాస్త్రమే తయారైంది. ఫోన్లో రెండు మాటలు వింటే చాలు, అవతలివాళ్ళు ఏ బ్యాచో చెప్పేసేవాణ్ణి. "పూలున్నాయా?" అని అడిగితే ఫోటోల బ్యాచ్. వీళ్ళు మండు వేసవిలో వచ్చి వలిసె పూలు ఎక్కడని అడుగుతారు. ఆ పసుపు పొలాలు చలికాలం మొదట్లోనే ఉంటాయని చెబితే, నేనే ఎక్కడో దాచేశానన్నట్టు చూస్తారు. "ఘాట్‌లో మలుపులు ఎక్కువా?" అని అడిగితే వాంతుల బ్యాచ్. వాళ్ళకి బస్సు కొట్టేసి రైలు రాసేవాణ్ణి, బొర్రా గుహలు భోజనానికి ముందు పెట్టేవాణ్ణి. "బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుంది?" అన్నవాళ్ళకి కొండలూ లోయలూ అనవసరం, దుకాణం ఎదురుగా బండి నిలుపుకునే చోటుంటే చాలు. "కూర్చోడానికి ఉంటుందా?" అని అడిగేవాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళ కోసం అరకులో ఎక్కడెక్కడ సిమెంటు బల్లలున్నాయో, వాటిలో వేటికి మధ్యాహ్నం నీడ పడుతుందో కాలినడకన తిరిగి చూసి రాసుకున్నాను. ఈ శ్రద్ధలో సగం బిల్లుల మీద పెట్టి ఉంటే ఈపాటికి సూపరింటెండెంటును అయ్యేవాణ్ణి.

దెబ్బలు తగల్లేదని కాదు. కొత్తగా పెళ్ళయిన మా పెదనాన్న కొడుకునీ వదిననీ మబ్బులు చూడమని పాడేరు అవతల వంజంగి కొండ ఎక్కించాను. తెల్లారేసరికి కొండ మీద ఉండాలని గట్టిగా చెప్పాను. వాళ్ళున్నారు, మబ్బులు రాలేదు. కింద ఊళ్ళన్నీ ఇళ్ళ పైకప్పులతో సహా స్పష్టంగా కనిపిస్తుంటే, ఆ చలిలో వాళ్ళిద్దరూ మొట్టమొదటిసారి పోట్లాడుకున్నారు. ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా మా అన్నయ్య నన్ను "మబ్బుల్లేని వంజంగి సూపించినోడు" అని పదిమందికీ పరిచయం చేస్తాడు.

ఆఫీసువాళ్ళు కిందకి వెళ్తుంటే విశాఖపట్నం కూడా నేనే రాసిచ్చేవాణ్ణి. పెదబయలు వైపు నుంచి వచ్చిన మా అటెండరు తన అమ్మానాన్నల్ని మొదటిసారి పట్నం తీసుకెళ్తున్నానంటే, జలాంతర్గామి, జంతు ప్రదర్శనశాల, కైలాసగిరి, పెద్ద షాపింగ్ మాల్ అన్నీ గంటలవారీగా పంచి ఇచ్చాను. వాళ్ళు బీచిలో దిగి, ఇసకలో కూర్చుని, సాయంత్రం దాకా అక్కడే ఉండి వచ్చేశారు. మర్నాడు నేను కోప్పడ్డాను. "సముద్రం ఎక్కడికీ పోదు కదయ్యా, మిగతావి చూడాల్సింది" అన్నాను. "అది పోదు సారూ, మాకే బస్సు టైమైపోద్ది" అన్నాడు. అతనికి ప్లానింగ్ తెలియదని నాకు నిజంగానే జాలేసింది.

ఇంతటి శాస్త్రజ్ఞుడికి పెళ్ళి మాత్రం కుదరలేదు. రెండు సంబంధాలు "అబ్బాయి ఉద్యోగం కొండ మీద" అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. మొదటివాళ్ళు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చూపిస్తేనే తాంబూలాలన్నారు. రెండోవాళ్ళు మా అమ్మ ఫోన్ ఎత్తడం మానేశారు. ఆర్నెల్ల తర్వాత ఆ రెండోవాళ్ళే, నేనని తెలియక, ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఒక్కరోజు ప్లాన్ అడిగారు. పంపించాను. బాగుందని మెసేజ్ కూడా పెట్టారు.

మూడో సంబంధం శృంగవరపుకోట దగ్గర వచ్చింది. అంటే సరిగ్గా మా కొండల కాళ్ళ దగ్గర. అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్ళిచూపుల్లో నాకు ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "అక్కడ వానలు ఎన్నాళ్ళుంటాయండి?" అని అడిగింది. నా నోట అలవాటుగా వచ్చిన జవాబు ఇది: "అక్టోబరు దాటాక వస్తే బాగుంటుందండి." మా అమ్మ నా తొడ మీద గిల్లింది. ఎందుకు గిల్లిందో నాకు ఇల్లు చేరాక గానీ అర్థం కాలేదు.

మావైపు పెళ్ళిచూపులు అయ్యాక ఆడపిల్లవాళ్ళు ఇల్లు చూసుకోడానికి వస్తారు. పెద్దవాళ్ళు నలుగురు వచ్చి, గోడలు తట్టి, నీళ్ళు రుచి చూసి, ఇరుగుపొరుగుని వాకబు చేసి వెళ్తారు. అమ్మాయి రావడమన్నది లేదు. ఈ అమ్మాయి తనూ వస్తానంది. "అక్కడ ఉండాల్సింది నేను కదా" అందట. వాళ్ళ నాన్న ఫోన్లో ఈ సంగతి చెబుతూ కాస్త ఇబ్బంది పడ్డాడు. ఆయన, ఆయన చెల్లెలు, ఈ అమ్మాయి రైల్లో వస్తారని తేలింది. ఆమె ఒప్పుకుంటే ఈ సంబంధం ఖాయం, లేకపోతే లేదు. అమ్మ ఆ మాట నాకు రోజూ చెప్పింది.

నాకు ఆమె నచ్చింది. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, అది కాలుతోందని ముందే చెప్పింది. అంత చిన్న విషయానికి మనిషి నచ్చుతుందా అంటే, నచ్చింది. అందుకే నా శాస్త్రమంతా బయటకి తీశాను.

అసలు సమస్య ఇల్లు. ఏజెన్సీలో మాలాంటి కింద నుంచి వచ్చినవాళ్ళు స్థలం కొనకూడదు కాబట్టి నేను ఒక కొండవాళ్ళ ఇంట్లో, స్టేషన్ వైపు, కింది వాటాలో అద్దెకుంటాను. ముందు గది, వంటగది, రేకుల వసారా. వానాకాలంలో గోడలు చెమరుస్తాయి. బట్టలు ఇంట్లోనే తాళ్ళ మీద ఆరాలి, ఆరవు. ఈ ఇంటికి ఎంత సేపు కేటాయించాలా అని చాలా ఆలోచించాను. చివరికి రోజంతా ఊరు చూపించి, ఆఖర్న రైలుకి ముందు, టీతో కలిపి పావుగంట పెట్టాను. అప్పటికి చీకటి పడుతుంది కాబట్టి గోడలు కనబడవు. ఆ ప్లాను వాళ్ళ నాన్న ఫోన్‌కి ముందే పంపించాను. గోడ మీది తేమ మరకలకి కొత్త క్యాలెండర్లు తగిలించాను. ఒకే గదికి మూడు క్యాలెండర్లు పట్టాయి.

రెండు రోజుల ముందే వచ్చిన అమ్మ ప్లాను విని నోరు తెరిచింది. "ఇల్లు సూడ్డానికొత్తన్నోలికి ఊరు సూపిత్తావేట్రా?" అంది.

"ఊరు నచ్చితే ఇల్లు అదే నచ్చుతుందమ్మా" అన్నాను.

"నీకేటైనా మతి పోనాదేటి" అని అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పై వాటాలో ఉండే మా ఇంటామె కూడా హెచ్చరించింది. ఆమెది డుంబ్రిగుడ దగ్గర ఊరు. "సారూ, ఆదివారం అటేపు ఎల్లకండి. ఇటుకల పండగ. మగోలంతా వేటకెల్తారు, ఆడోలు దారి కట్టేత్తారు" అంది. చైత్రంలో వచ్చే ఈ పండగ నాకు తెలియనిది కాదు. ఏడేళ్ళుగా ఆ వారం రోజుల్లో వచ్చే యాత్రికులకి "మధ్యలో కాస్త ఆలస్యం కావచ్చు" అని ఒక వాక్యం రాస్తూనే ఉన్నాను. వేట ఇప్పుడు పేరుకే, చాలామంది అడవిలో వండుకుని తిని వచ్చేస్తారు. ఆడవాళ్ళు దారిలో బండ్లు ఆపి పండగ మామూలు అడుగుతారు. నాకు దారి వదలకుండా ఉంటారా అనుకున్నాను. మాట్లాడుకున్న జీపు డ్రైవరు కూడా వేటకి వెళ్ళిపోయాడని ఆ ఉదయం తెలిసినప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసింది. ఆఫీసులో ఒకాయన కారు అడిగి తెచ్చి, నేనే నడుపుతూ బయల్దేరాను.

రైలు దిగినవాళ్ళని చూడగానే బ్యాచ్ ఏదో తేల్చేశాను. మేనత్త సొరంగాలకే సగం వాడిపోయి ఉంది, వాంతుల బ్యాచ్. వాళ్ళ నాన్న దిగీ దిగగానే ప్లాట్‌ఫారం మీది బల్ల చూసుకుని కూర్చున్నాడు, కూర్చునే బ్యాచ్. అమ్మాయి ఏ బ్యాచో తెలియలేదు. గుహల గురించి గానీ పూల గురించి గానీ అడగలేదు. స్టేషన్ బయట కూరగాయలు పెట్టుకున్న ఆవిడ దగ్గర ఆగి, టమాటాలు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగింది. నా లెక్కలో అది వేళకాని వేళ. "బేగి రండి, మ్యూజియంలో రద్దీ పెరిగిపోతుంది" అని అందర్నీ కారెక్కించాను.

ఆ పూట నేను చేసిన హడావుడి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. గిరిజన మ్యూజియంలో బొమ్మ బొమ్మకీ వ్యాఖ్యానం చెప్పాను. పద్మాపురం తోటలో మేనత్తని నీడ పడే బల్ల మీద కూర్చోబెట్టి, అది నేను ఎంపిక చేసిన బల్ల అని కూడా చెప్పాను. వాళ్ళ నాన్నని మావయ్యగారూ అనాలో అంకుల్ అనాలో తేలక ప్రతిదానికీ ఏవండీ ఏవండీ అని నెట్టుకొచ్చాను. ఆయన మాత్రం కారెక్కిన ప్రతిసారీ అదే అడిగాడు. "ట్రాన్సఫరు ఎప్పుడు పెడతన్నావు బాబూ?"

"ఈ ఏడాదే అండి" అన్నాను ప్రతిసారీ. అమ్మాయి వెనక సీట్లో కిటికీ బయటకి చూస్తోంది. ఆమెతో ఒక్క మాట మాట్లాడే సమయం ప్లానులో ఎక్కడా లేదు. ఆ సంగతి నాకే అప్పుడు తట్టింది. ఇక చాపరాయిలో, వెడల్పాటి బండ మీంచి నీళ్ళు జారే చోట, పది నిమిషాలు మిగుల్చుకుని మాట్లాడదామని వేగం పెంచాను.

డుంబ్రిగుడ దాటిన తర్వాత ఒక మలుపులో రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు కట్టి ఉంది. అవతల తలల్లో పూలతో చాలామంది ఆడవాళ్ళు. కొందరు నడుముల వెనక చేతులు కలుపుకుని వరసగా అడుగులేస్తున్నారు. నేను హారన్ కొట్టాను. ఎవరూ జరగలేదు. ఇంకోసారి కొట్టాను. వాళ్ళలో పెద్దావిడ వచ్చి కిటికీ దగ్గర వంగి, "పండగ సారూ. ఏటైనా ఇచ్చి ఎల్లండి" అంది.

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎక్కడా ఆలస్యం కాకూడదని అన్నిటికీ ముందే ఫోన్లో కట్టేసి, జేబులో రూపాయి లేకుండా బయల్దేరాను. ఆ మలుపులో ఫోన్‌కి సిగ్నల్ లేదు. వాళ్ళ నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. "మీరు ఊరుకోండి, వీళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే" అని ఆయన చెయ్యి ఆపి మరీ దిగాను.

"మేము లోకల్ అమ్మా, దారి వదలండి" అన్నాను.

"లోకలైతే పండగ తెలీదేటి?" అంది పెద్దావిడ.

"తెలుసు. అర్జెంటు పనుంది."

"ఏటి పని?"

"చాపరాయి చూడాలి."

ఆమె వెనక్కి తిరిగి తమ భాషలో ఏదో చెప్పింది. ఆడవాళ్ళంతా నవ్వారు. ఈలోగా అమ్మాయి కారు దిగి, కాళ్ళు పట్టేశాయంటూ వాళ్ళ దగ్గరకి వెళ్ళి నిలబడింది. మేనత్త కూడా దిగి గట్టు మీద చతికిలబడింది. ఆ గట్టు నా జాబితాలో లేదు గానీ ఆవిడ ముఖం పొద్దుట్నుంచీ మొదటిసారి తేటగా కనిపించింది. అమ్మాయి వాళ్ళని కూడా వానల గురించే అడిగింది. "సెప్పులకి బూజు పట్టీదాక ఉంటాదమ్మా" అని ఒకామె చెప్పింది. పిల్లలకి జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళ్తారని అడిగింది. దానికి ముగ్గురు నలుగురు ఒకేసారి చెప్పారు. నేను పక్కన నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాను.

వాళ్ళలో ఒకామె నన్ను గుర్తుపట్టింది. "ఈ సారు అరకు ఆఫీసులో కూకుంటాడు" అని, అమ్మాయి వైపు చూసి, "సుట్టాలా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి, "కాదమ్మా, వీళ్ళ ఇల్లు చూడ్డానికొచ్చాం" అంది.

"ఇల్లా? సారు ఇల్లు టేషను కాడ కదా. ఇటేపు ఏటి ఇల్లు?"

అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. ఆ రోజు ఆమె నన్ను సూటిగా చూడటం అదే మొదలు. ముందు ఊరు చూసి, ఆ తర్వాత వీలునుబట్టి, సాయంత్రం, అంటూ నీళ్ళు నమిలాను. పెద్దావిడకి సంగతి అంతా అర్థమైపోయింది. పక్కనున్న కుండలో చెయ్యి ముంచింది. వేటకి వెళ్ళి ఏమీ తేకుండా వచ్చిన మగవాళ్ళ మీద ఈ పండగనాడు ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. ఆ కుండ వాళ్ళ కోసం సిద్ధంగా పెట్టుకున్నది.

"మావోలు సందేలగానీ రారు. ఇల్లు సూపిత్తానని గుంటని తెచ్చి బండరాయి సూపిత్తన్నావు. నువ్వూ ఉత్త సేతుల్తో వచ్చినోడివే" అంటూ నా మీద చల్లింది.

పెళ్ళిచూపులకని కొన్న తెల్ల చొక్కా అది. ముందు మేనత్త నవ్వింది. వాళ్ళ నాన్న కొండ వైపు తిరిగి నిలబడ్డాడు గానీ భుజాలు ఊగుతున్నాయి. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను జేబురుమాలుతో తుడుచుకుని, మరక ఇంకాస్త పెద్దది చేసుకున్నాను. అమ్మాయి మాత్రం పెదవులు బిగబట్టుకుని, చాలా మర్యాదగా, "బట్టలు మార్చుకోవాలంటే ఇంటికే వెళ్ళాలి కదండీ" అంది.

వాళ్ళ నాన్న ఇందాకటి నుంచీ జేబులో పట్టుకుని ఉన్న నోటు పెద్దావిడ చేతిలో పెట్టాడు. ఆమె బొంగు ఎత్తబోయింది. అవసరం లేదని చెప్పి బండి వెనక్కి తిప్పాను.

పట్టపగలు, నిండు వెలుతురులో ఇల్లు చేరాం. అమ్మ ముందు గదిలో తాళ్ళ నిండా బట్టలు ఆరేసి, నేల మీద కూర్చుని సాయంత్రం టిఫిన్‌కి మినపప్పు రుబ్బుకుంటోంది. మమ్మల్నీ నా చొక్కానీ చూసి, "ఓలమ్మో, ఇదేటి?" అని లేచి, లుంగీలు లాగెయ్యాలో కుర్చీలు వెయ్యాలో తెలియక అక్కడే తిరిగింది. నేను స్నానానికి పారిపోయాను. లోపల్నుంచి వింటూనే ఉన్నాను. కిటికీ రెక్క తెరిచిన చప్పుడు. వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడు. గోడ మీద క్యాలెండరు పక్కకి జరిపిన చప్పుడు, కాసేపాగి ఇంకో క్యాలెండరు, ఆ తర్వాత మూడోది. ఇంత తెలివైన పిల్ల మనకి దక్కదులే అనుకుంటూ నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాను.

బయటకి వచ్చేసరికి పెద్దవాళ్ళు ముందు గదిలో టీ తాగుతున్నారు. ఆమె రేకుల వసారాలో నిలబడి ఉంది. నన్ను చూసి, "మీరు పంపిన ప్లాన్ చదివానండి. బాగా రాశారు. రెండో రోజు ఏం చేస్తారు?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "రెండో రోజు ఉంటే లంబసింగి వెళ్ళొచ్చండి. లేదంటే పాడేరు మీదుగా..."

"చూడ్డానికి కాదండి. మీరు. ఆదివారం అయిపోయి సోమవారం వస్తుంది కదా. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక ఏం చేస్తారు?"

ఏడేళ్ళుగా ఎంతమందికో అరకు చూపించాను. అందరూ ఒక్కరోజు చూసి రైలెక్కి వెళ్ళిపోయేవాళ్ళే. ఇక్కడ ఉండిపోయేవాళ్ళకి రోజెలా గడుస్తుందో నన్ను అడిగినవాళ్ళు లేరు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు. ఒంటి మీద ఇంకా పేడ వాసన పోలేదు. పోయే పరువు ఎలాగూ మిగల్లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పెద్దగా ఏమీ చెయ్యనండి. స్టేషన్ వరకూ నడిచి, గూడ్సు బండి వెళ్తుంటే చూసి వస్తాను. వానల్లో అదీ లేదు. కరెంటు పోతుంది. బట్టలు ఆరవు. చలికాలం త్వరగా చీకటి పడిపోతుంది. పై వాటా ఆవిడ కందులు ఉడకబెడితే ఇస్తుంది. తిని, వంట చేసుకోకుండా పడుకుంటాను. చాలా రోజులు ఏమీ తోచదు."

"మరి ట్రాన్స్‌ఫర్ ఎందుకు పెట్టుకోలేదు ఇన్నాళ్ళూ?"

ముందు గదిలో వాళ్ళ నాన్న గొంతు వినబడుతోంది. నేను తలుపు దగ్గరగా వేశాను. "అవకాశం రెండుసార్లు వచ్చిందండి. పెట్టుకోలేదు. ఈ ఏడాది కూడా పెట్టుకోను. మీ నాన్నగారితో అబద్ధం చెప్పాను. నాకు ఇక్కడ బాగుంటుంది. ఏం బాగుంటుందని అడిగితే చెప్పలేను."

ఈ మాట అంతవరకూ మా అమ్మకి కూడా చెప్పలేదు. ఊళ్ళో అందరూ జాలిపడే చోట నాకు బాగుందని చెప్పడానికి సిగ్గేసేది. ఆమె వసారాలో తాడు మీద బట్టలు ముట్టుకుని చూసి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం రైలెక్కేటప్పుడు వాళ్ళ నాన్న, "కబురు సేత్తాం బాబూ" అన్నాడు. మావైపు ఆ మాటకి కాదనే అర్థమని అందరికీ తెలుసు. వసారాలో నేనేం చెప్పానో విన్నాక అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట, "ఆ గుంట బాగుందిరా" అని మాత్రం అని, సంచీ సర్దుకుని బొబ్బిలి వెళ్ళిపోయింది. నాకు బాధేసింది. చాలా బాధేసింది. ఆ వేసవిలో ప్లాను కోసం ఫోన్ చేసినవాళ్ళందరికీ ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

వేసవి పోయింది. కబురు రాలేదు. వానలు పట్టాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెబుతున్న రోజు ఫోన్ మోగింది. ఆమె. "రేపు బస్సులో వస్తున్నామండి, మా అత్తయ్యా నేనూ. మీరు సెలవు పెట్టకండి. స్టేషనుకీ బస్టాండుకీ రాకండి. ఏ ఏర్పాటూ చెయ్యకండి. తాళం పై వాటా ఆవిడకిచ్చి ఆఫీసుకి వెళ్ళిపోండి" అని పెట్టేసింది.

నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. వానలో ఘాట్ ఎక్కే బస్సుల వేళలు చూశాను, పంపలేదు. మేనత్తకి వాంతుల మాత్ర వేసుకోమని మెసేజ్ రాసి చెరిపేశాను. ఉదయం క్యాలెండర్లు సర్దబోయి, ఒకదాన్ని తప్ప మిగతావి తీసి అటక మీద పడేసి, తాళం ఇచ్చి వెళ్ళిపోయాను. ఆఫీసులో ఆ రోజు నేను సరిచూసిన బిల్లులన్నీ మర్నాడు మళ్ళీ చూడాల్సి వచ్చింది.

రోజంతా వాన కురుస్తూనే ఉంది. సాయంత్రం గొడుగున్నా తడిసిపోయి ఇల్లు చేరాను. కరెంటు లేదు. పై వాటాలో మేనత్త గొంతూ ఇంటామె గొంతూ కలిసి వినిపిస్తున్నాయి. ఆమె ముందు గదిలో, తాళ్ళ మీద వేలాడే నా చొక్కాల మధ్య, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. కిరోసిన్ దీపం ఎక్కడుందో కనుక్కుని వెలిగించుకుంది. నేను గొడుగు ముడిచి గుమ్మం పక్కన పెట్టాను.

"పొద్దున్నే కరెంటు పోయింది" అంది.

"పోతుందండి."

"పాలు విరిగిపోయాయి. బజారుకి వెళ్ళి తెచ్చాను. చెప్పు తెగింది."

"అయ్యో."

"ఫోన్లో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం నుంచీ ఇక్కడే కూర్చున్నాను. ఏమీ తోచలేదు. చాలా విసుగొచ్చింది."

అయిపోయిందనుకున్నాను. రాత్రి బస్సుకి వాళ్ళని ఎలా ఎక్కించాలా అని, నా పాత బుద్ధి పోక, అప్పటికే వేళలు లెక్క వేస్తున్నాను. ఆమె కాళ్ళు కింద పెట్టి, చెప్పుల కోసం చూసి, ఒకటి తెగిందని గుర్తొచ్చి ఊరుకుంది.

"విసుగొచ్చినా ఉండొచ్చండి" అంది.